నాగలి తగలని ద్రాక్షతోట

"ఒరే తిప్పడా! నిన్ను తొక్కమన్నది ద్రాక్షపళ్లని, శత్రువు పీకని కాదు! గింజ చితికిందంటే రసం చేదెక్కుతుంది. ఆ చేదంతా నీ గొంతులోనే పోస్తాను, జాగ్రత్త!"

రాతి తొట్టిలో మోకాటి లోతు ద్రాక్షపళ్ల మధ్య నిలబడ్డ యువకుడు అడుగుల జోరు తగ్గించాడు. కాళ్ల కింద పళ్లు చిట్లి, నెత్తురు లాంటి రసం తూము గుండా కింది కుండలోకి జాలువారుతోంది. ఈగలు కళ్లలో దూరుతున్నాయి. తొడల దాకా ఎర్రబారి, మొహం నిండా మరకలతో ఉన్న ఆ కూలివాణ్ణి చూస్తే, ఉదుంబర సింహాసనానికి కాబోయే ఏలిక అరిందముడు ఇతడేనని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

గట్టు మీద నడుముకు చెయ్యి ఆనించి తిడుతున్న మనిషి కొమ్మసాని, ఆ తోట యజమానురాలు. ఎండకు కమిలిన మొహం, ద్రాక్షరసంతో నల్లబడ్డ వేళ్లు, మొలలో తీగలు కోసే వంకీకత్తి, దాని పక్కనే అరచెయ్యంత తాళంచెవి. ఆమె నోటికి కూలీలే కాదు, పళ్లకోసం వాలే పిట్టలు కూడా జడుస్తాయని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు.

"తిట్టనీరా అబ్బీ!" అన్నాడు పక్క తొట్టిలో తొక్కుతున్న ముసలి ఓబయ, పళ్లులేని నోటితో నవ్వుతూ. "తిట్టిందంటే సాయంత్రం అన్నం పెడుతుంది. తిట్టడం మానిందనుకో, అప్పుడు భయపడు."

ఆ తోట ఉన్న కొండ పేరు గద్దముక్కు. శ్వేతగిరి రాజ్యపు సరిహద్దున, నాగధుని నదిలోకి దూకబోతుంటే ఎవరో జుట్టుపట్టి ఆపినట్టు ముందుకు వంగి నిలిచిన మహాశిల అది. శిఖరాన మబ్బులు తలపాగా చుడతాయి. పాదాల దగ్గర నది నురుగులు కక్కుతూ బుసకొడుతుంది. ఆ రెంటి నడుమ, దేవకన్యలు ఎక్కి దిగే నిచ్చెనలా, మెట్టు మీద మెట్టుగా రాతికట్టలు. కట్టకట్టకూ వెదురు పందిళ్లు. పందిళ్లకు వేలాడే గుత్తులు కొన్ని ఇంద్రనీలాల రాసులు, మరికొన్ని సంధ్యాకాశం తునకలు. ఆకుల సందుల్లోంచి జారిన ఎండ ఆ పళ్ల మీది బూడిదరంగు నిగారింపును తాకి, ముత్యాల పొడి చల్లినట్టు మెరుస్తోంది.

దూరం నుంచి చూసేవాడికి అది నందనవనం. అందులో దిగినవాడికి మాత్రం అడుగు తప్పితే పాతాళం. ఆ మట్టి కూడా కొండది కాదు. కొమ్మసాని, ఆమె మొగుడు సింగన ఏటి ఒడ్డున తవ్వి, గంపలతో నెత్తిన మోసి, రాతి మీద పరిచిన మట్టి. వాన పడ్డప్పుడల్లా అది కిందికి జారేది. వాళ్లు మళ్లీ మోసేవారు. ఎద్దు ఎక్కలేని ఆ కొండ మీద నాగలికర్రు ఒక్కనాడూ మట్టిని తాకలేదు.

ఆ తోటకు ముప్పు తెచ్చిపెట్టింది సరిగ్గా అదే.

నాగలి గాయం ఎరగని మట్టిలో ద్రాక్ష కాయాలి. దాని ఆసవం ఏడాది పాటు నేలలో మగ్గాలి. అప్పుడు దాని మీద భస్మకంఠుడనే మాంత్రికుడు వశ్యమంత్రం జపిస్తే, తాగినవాడు ఆ మాంత్రికుడి నోటిమాటకు కీలుబొమ్మ అవుతాడు. రేపు నది నడుమ సంగమలంకలో సంధివిందు. ఉదుంబర మహారాజు సుధన్వుడూ, శ్వేతగిరి రాజు విక్రాంతవర్మా ఒకే పాత్రలోది తాగి, తరాల యుద్ధాలకు స్వస్తి చెప్పబోతున్నారు. వాళ్లు తాగేది కొమ్మసాని బానల్లోని ఆసవం. మంత్రించేది భస్మకంఠుడు. అతడికి అండ శ్వేతగిరి దళవాయి చండకేతు. ఈ కుట్రను వెన్నులో బాణం దిగిన ఒక వేగులవాడు ప్రాణం విడుస్తూ అరిందముడి చెవిలో ఊదాడు. కబురు పంపుదామంటే దారులన్నీ చండకేతు మనుషులు మూసేశారు. ఇక మిగిలింది ఒకటే ఉపాయం. బానలు లంకకు చేరకముందే ఆసవాన్ని నేలపాలు చెయ్యాలి. అందుకే యువరాజు తిప్పడి వేషం కట్టాడు. కానీ నేలమాళిగ తాళంచెవి నిద్రలో కూడా కొమ్మసాని మొలను వీడదు.

ఉన్నట్టుండి పై కట్ట మీద పందిరి ఫెళఫెళా విరిగింది. కోతకూలీలు కెవ్వుమన్నారు.

ఆకులనూ తీగలనూ చీల్చుకుంటూ ఒక అడవిపంది దూకింది. కాటుక కొండలా ఉంది. కోరలకు గుత్తులు వేలాడుతున్నాయి, మూతి నిండా రసం. కూలీలు గంపలు పారేసి చెల్లాచెదురయ్యారు. కొమ్మసాని మాత్రం కదల్లేదు. "నా తీగ! నా తీగ తొక్కుతావా!" అంటూ వంకీకత్తి దూసి దానికి ఎదురెళ్లింది. పంది తల వంచి ఆమె మీదికి దౌడు తీసింది.

అరిందముడు తొట్టిలోంచి ఎగిరి దూకాడు. విరిగిన పందిరి గుంజ ఒకటి చేతికందింది. కొమ్మసానిని భుజంతో పక్కకు నెట్టి, నేల మీద మోకాలు ఆనించి, గుంజ మొదలు మడమ కింద తొక్కిపెట్టి, మొన ముందుకు చాచి కూర్చున్నాడు. పంది రొమ్ము వచ్చి ఆ మొన మీద పడింది. గుంజ విల్లులా వంగింది కానీ విరగలేదు. భీకరంగా అరిచి, ఆ జంతువు అతడి పాదాల దగ్గర కూలి కాళ్లు తన్నుకుంది.

ఓబయ చప్పట్లు కొట్టాడు. కొమ్మసాని లేచి, చీర దులుపుకుని, చచ్చిన పందిని చూసింది. తర్వాత అరిందముణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. తిట్టలేదు.

"తిప్పడా, నాతో రా. మాళిగలో బాన ఒకటి జరపాలి" అంది.

మాళిగ అన్న మాట వినగానే యువరాజు గుండె ఎగిరిపడింది. ఇన్నాళ్లకు అదృష్టం పండిందనుకుంటూ ఆమె వెంట నడిచాడు.

కొండను తొలిచి చేసిన మాళిగ అది. తలుపు తెరవగానే తీపీ పులుపూ కలిసిన వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. గోడ గూట్లో ఎత్తుగా దీపం. తలుపు పక్కన ఎత్తు అరుగు మీద, మెడ దాకా మట్టిలో పాతిన పాతబానలు మూతులకు బంకమట్టి పూసుకుని మౌనంగా ఉన్నాయి. లోపలి గుంటలో ఈ ఏటి కొత్తరసం నింపిన బానలు గుడగుడమని పొంగుతున్నాయి. గుంటకు అవతల గోడలో గాలికోసం తొలిచిన ఏటవాలు బిలం నుంచి సన్నటి పగటి వెలుతురు పడుతోంది.

"గోడవారగా నడు" అంది కొమ్మసాని. "ఆ గుంట వైపు వంగావా, మళ్లీ లేవవు. రసం పొంగేటప్పుడు పుట్టే విషగాలి అడుగున నిలిచి ఉంటుంది. పోయినేడు ఒక దొంగ వంగాడు. ఈడ్చి బయటపడేసేసరికి కట్టెలా బిగుసుకుపోయాడు."

అరిందముడు పాతబానల వైపు చూశాడో లేదో, చల్లటి ఇనుము అతడి గొంతు మీద ఆనింది.

"ఎవర్రా నువ్వు?"

"తిప్పణ్ణి, అక్కా."

"కూలివాడు పందిని పారిపోతూ పొడుస్తాడు. నువ్వు మోకాలు ఆనించి, గుంజ మడమ కింద పెట్టుకుని, అది మీదికొచ్చేదాకా రెప్ప వెయ్యకుండా కూర్చున్నావు. ఉదుంబర సైనికులు గుర్రాల్ని అలాగే పొడుస్తారు. అదిగో, ఆ ఏటి ఒడ్డున. ఈ కొండ మీద నిలబడి కళ్లారా చూశాను. మా సింగనకు గుర్రం తోలడమే రాదు. బలవంతాన ఎక్కించి ముందు వరసలో తోశారు. మీవాళ్లు ఈటెలు మడమల కింద పెట్టుకుని కూర్చున్నారు." కత్తిమొన ఇంకాస్త గట్టిగా గుచ్చుకుంది. "ఇప్పుడు చెప్పు."

అబద్ధం చెబితే గొంతు తెగుతుంది. నిజం చెప్పినా తెగేలాగే ఉంది. అరిందముడు నిజమే చెప్పాడు. తన పేరు, వచ్చిన పని, భస్మకంఠుడి మంత్రం, రేపటి విందు. ఆమె విన్నంతసేపూ కత్తి పక్కకు జరగలేదు.

"సుధన్వుడి కొడుకువా!" అంటూ ఆమె తుపుక్కున ఉమ్మేసింది. "మీ రాజులు తాగి కొట్టుకు చస్తే మాకేం? తాగకుండా కొట్టుకు చస్తే మాకేం?"

"కొట్టుకోరు. అదే ప్రమాదం. ఇద్దరూ వాడి చేతిలో బొమ్మలవుతారు. నీలాంటి వాళ్లను వాడు ఏం చేసినా అడిగే దిక్కుండదు. ఆ ఆసవం పారబోయనివ్వు, అక్కా! నీకు ఎన్ని తోటలు కావాలంటే అన్ని ఇప్పిస్తాను."

"తోటలిప్పిస్తాడట తోటలు! వడగళ్లకు పోగా పోయినేడు మిగిలింది ఆ కాస్త పంట. సింగన మెడ వంగిపోయేలా మోసిన మట్టిలో పండింది. అతన్ని పట్టుకుపోయారు, చాల్లేదు. ఇప్పుడు ఇదీ పారబోయాలా మీకోసం?"

ఇంతలో కింది నుంచి కొమ్ముబూర ఊదిన చప్పుడు కొండంతా మారుమోగింది. దళవాయి వచ్చాడు!

కొమ్మసాని మొహం పాలిపోయింది. "నా తోటలో ఉదుంబర మనిషి దొరికితే ముందు తెగేది నా తల" అని పళ్లు కొరుకుతూ అతణ్ణి బయటికి నెట్టింది. "పో, తొట్టిలో దిగి తొక్కు. నోరు తెరిచావంటే నేనే అరిచి పట్టిస్తాను."

చండకేతు సైనికులు మిడతల దండులా మెట్లెక్కి వచ్చారు. దారిలో ఉన్న గుత్తుల్ని ఈటెమొనలతో పొడిచి తెంపారు. తిన్నది కొంత, తొక్కింది కొంత. లేత తీగల్ని మెలిపెట్టి తలలకు చుట్టుకున్నారు. ఆ గుంపు వెనుక, ఎవరూ తాకకుండా ఎడం వదిలిన చోట, భస్మకంఠుడు నడిచి వస్తున్నాడు. తాటిమాను లాంటి దేహం. తేనెపట్టులా వేలాడే జడలు. కంఠం చుట్టూ ఎప్పటికీ ఆరని చితాభస్మం. కళ్లలో తెల్లగుడ్డు లేదు, నల్లటి మెరుపు తప్ప. మాట్లాడితే పచ్చికట్టెలు కాలుతున్న చప్పుడు.

"ఏమే, గద్దముక్కు గయ్యాళీ!" అన్నాడు చండకేతు. "బానలు తెరువు."

"తెరుస్తాను దొరా. మీవాళ్లను తీగల మీద చేతులెయ్యొద్దనండి."

దళవాయి నవ్వి, పక్కనున్న తీగను కత్తితో మొదలంటా నరికాడు. "ఇప్పుడు తెరువు."

తెగిపడ్డ తీగ వంక కొమ్మసాని ఒకసారి చూసింది. మొలలోంచి తాళంచెవి తీసింది.

పాతబానల మూతులు పగిలాయి. ఆసవాన్ని గరిటెలతో తోడి కొత్తకుండల్లో నింపి, భస్మకంఠుడి ముందు వరసగా పెట్టారు. అతడు ఒక్కొక్క కుండ మీదికి వంగి ఏదో గొణిగాడు. నోటి నుంచి బూడిదరంగు పొగ రేగి కుండలోకి దిగింది. ఎర్రటి ఆసవం క్షణం పాటు నల్లబడి మళ్లీ ఎర్రబడింది. మంత్రించిన కుండను మంత్రించినట్టే బోయలు కావళ్లకెత్తి, కిందనున్న పడవకు చేరవేస్తున్నారు. తొట్టిలో అరిందముడు పిడికిళ్లు బిగించి అడుగులు వేస్తూనే ఉన్నాడు. సైనికుల వలయం మధ్య అతడు చేయగలిగింది ఏమీ లేదు.

"రుచి చూడాలి" అన్నాడు మాంత్రికుడు. అతడి చూపు ఓబయ మీద ఆగింది. "రా, ముసలాడా."

ఓబయ రెండు చేతులతో దొప్ప అందుకుని గటగటా తాగాడు. "అమ్మ చేతి ఆసవం, అమృతం కద సామీ" అంటూ మూతి తుడుచుకున్నాడు. అంతలోనే అతడి కళ్లలోంచి ఏదో జారిపోయింది. ఇంట్లో దీపం ఆరినప్పుడు కిటికీ ఎలా ఉంటుందో అలా అయింది మొహం.

పక్కనే కాగులో ద్రాక్షపాకం కుతకుతా ఉడుకుతోంది.

"అందులో చెయ్యి పెట్టు" అన్నాడు భస్మకంఠుడు.

ఓబయ నవ్వుతూ వెళ్లి పెట్టాడు. మోచేతి దాకా పెట్టాడు. అరవలేదు. తియ్యమనేదాకా తియ్యనూ లేదు.

సైనికుల్లో కొందరు మొహాలు తిప్పుకున్నారు. అరిందముడికి మాత్రం ఇక ఓపిక నిలవలేదు. గర్జిస్తూ తొట్టిలోంచి దూకి, ఎదురుగా ఉన్నవాడి ఈటె లాక్కుని మాంత్రికుడి మీదికి ఉరికాడు. ఒకణ్ణి కూల్చాడు. ఇంకొకణ్ణి కట్ట మీదుగా కిందికి విసిరాడు. కానీ కాళ్లకు అంటిన రసం జారింది. జారిన కాలి మీద డాలు పడింది. చూస్తుండగానే నలుగురైదుగురు మీదపడి అతణ్ణి ద్రాక్షపిప్పి పిండేందుకు పైకెత్తి కట్టిన దూలం పక్కనున్న స్తంభానికి కట్టేశారు.

చండకేతు కడవెడు నీళ్లు అతడి మొహాన కొట్టించి, జుట్టు పట్టి తల ఎత్తాడు. వెంటనే వికటంగా నవ్వాడు. "స్వామీ! వేటకు పోకుండానే వేట! ఉదుంబర యువరాజు!"

"మంచిది" అన్నాడు భస్మకంఠుడు. "ఆసవం చేసిన చేత్తోనే వీణ్ణి కూడా కోయిద్దాం. కొమ్మసానీ, తాగు."

దొప్ప ఆమె చేతికొచ్చింది. ఆమె ఓబయ వంక చూసింది. తోలు ఊడి వేలాడుతున్న చేతిని అతడు తనది కానట్టు పట్టుకుని నిలబడ్డాడు. కొమ్మసాని పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెద్దల ఎదుట తాగే తీరులో పక్కకు తిరిగి, దొప్ప ఖాళీ చేసింది. ఇటు తిరిగేసరికి ఆమె కళ్లు రెండూ చచ్చిన చేప కళ్లలా ఉన్నాయి.

"వీడి గొంతు కొయ్యి. గుత్తి కోసినట్టు కొయ్యి."

ఆమె వంకీకత్తి దూసింది. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. అరిందముడు కట్లు తెంచుకోవాలని గింజుకున్నాడు. "అక్కా! కొమ్మసానీ! వాడి మాట వినకు!" అని అరిచాడు. సైనికులు బాగా కనపడేందుకు దగ్గరికి జరిగి, దూలం కింద గుమిగూడారు. చండకేతు అందరికంటే ముందు నిలబడ్డాడు. కత్తి పైకి లేచింది. ఎండలో తళుక్కుమంది. అరిందముడు కళ్లు మూయలేదు.

కత్తి అతడి చెవి పక్కగా దిగి, స్తంభానికి కట్టిన లావుపాటి మోకును ఒక్క వేటున తెంపింది.

ఆ మోకే పిండే దూలం కొసకు వేలాడే రాళ్లబుట్టను పైకెత్తి పట్టుకున్నది! మోకు తెగగానే మహాదూలం కీచుమంటూ ఒరిగి, కొండచరియ విరిగినట్టు రాళ్లతో సహా సైనికుల మీద పడింది. తలలు పగిలాయి. చండకేతు కాలు బుట్ట కింద నలిగి, అతడి కేక నది అవతలి ఒడ్డు దాకా వినిపించింది. రెండో వేటుకు అరిందముడి కట్లు తెగాయి.

"ఏం చూస్తున్నావురా ఎద్దుమొహమా! పరుగెత్తు!"

"పట్టుకో దాన్ని!" అన్నది కాలుతున్న కట్టెల గొంతు.

ఓబయ కదిలాడు. ముసలివాడికి లేని బలంతో దూకి, కాలిన చేత్తోనే కొమ్మసాని చీలమండ పట్టేశాడు. ఆమె బోర్లా పడింది.

"ఓబయా! నేను! నేనయ్యా, కొమ్మసానిని!"

అతడు నవ్వుతూనే ఉన్నాడు. పట్టు వదల్లేదు. అరిందముడు వెనక్కి వచ్చి ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు. ఆ వేళ్ల మాంసం అతడి చేతికి అంటింది. కొమ్మసాని కళ్లు గట్టిగా మూసుకుని, రెండో కాలితో ఓబయ రొమ్ము మీద తన్ని లేచింది. ఇద్దరూ మాళిగలోకి దూరారు.

వెనుక కాగడాలు పట్టుకుని సైనికులు తోసుకొచ్చారు. పాతబానల అరుగు దాటితే ముందున్నది పొంగుతున్న గుంటే.

"ఊపిరి బిగబట్టు. తల వంచకు. నేను పట్టుకుని నడుస్తాను" అంటూ ఆమె అతడి మణికట్టు పట్టి గుంటలోకి దిగింది. నడుం దాకా విషగాలి, కంటికి కనపడని నదిలా. బానల మధ్య మెలికలు తిరుగుతూ, నిక్కి నిక్కి నడిచి అవతలి గోడకు చేరారు. వెనకాల వచ్చినవాళ్లు బానల చాటున దాక్కున్నారేమోనని కాగడాలు కిందికి దించి వంగారు. కాగడాలు గుప్పున ఆరిపోయాయి. చీకట్లో ఒకడు దగ్గాడు. ఇంకొకడు "రామ్మా, ఎత్తు నన్ను" అని తల్లిని పిలిచాడు. తర్వాత బానలు పొంగే చప్పుడు తప్ప మరేం వినిపించలేదు.

గాలిబిలంలో పాక్కుంటూ ఇద్దరూ కొండ అవతలి వైపు తేలారు. గుండెల నిండా గాలి పీల్చేలోపే పొగ వాసన తగిలింది. చండకేతు మనుషులు నిప్పుపెట్టిన తోట తగలబడుతోంది. ఎండిన వెదురు పందిళ్లు ఒక కట్ట నుంచి ఇంకో కట్టకు మంటను అందిస్తున్నాయి. గుత్తులు మంటల్లో చిటచిట పేలుతున్నాయి. కాలిన తీగలు పట్టు వదలగానే, ఇన్నేళ్లూ అవి పట్టి నిలిపిన మట్టి గలగలా నదిలోకి జారిపోతోంది.

కొమ్మసాని ఒక్కసారి చూసింది. రెండోసారి చూడలేదు.

"అక్కా, నువ్వు ఆ మందు తాగావు కదా. ఎలా..."

"నోట్లో పోసుకున్నాను, చెంగులోకి ఉమ్మేశాను. ఆసవం చేసేవాళ్లు రుచి చూస్తారు గానీ మింగుతారట్రా? మింగితే తెల్లారి మొదటి బాన దగ్గరే పడిపోమూ!" అని కసిరి, ఆమె కిందికి చెయ్యి చాచింది. "అటు చూడు."

కొండ పాదంలో ఎర్రతెరచాప పడవ రేవు వదులుతోంది. దాని నిండా కుండలు. ముందు కొసన, అణియం మీద భస్మకంఠుడు. అతడి పక్కనే, పెంపుడు కుక్కలా, ఓబయ.

"మంత్రం విరుగుతుందా?" అందామె. "ఆ ముసలాడు మళ్లీ మనిషవుతాడా?"

"మంత్రించిన ఆసవం చివరి చుక్క దాకా ఏట్లో కలిస్తే విరుగుతుందని వేగులవాడు చెప్పాడు. నువ్విక్కడే దాక్కో, నేను వెళ్తాను."

"నోర్ముయ్. నీకోసం రావట్లేదు. మీ నాన్న కోసం అసలే రావట్లేదు. నా కుండలు, నా ఓబయ. నా వెనకాల రాగలిగితే రా."

ఆమె జారుతున్న మట్టి మీద కూర్చుని, మట్టితోపాటే కిందికి జారింది. అరిందముడు వెన్నంటి జారాడు. కింద గుహలో ఆసవం మోసే మేకతోలు తిత్తులు వేలాడుతున్నాయి. నాలుగింటిని గాలి ఊది, మూతులు బిగించి, రెండు పందిరి గుంజలకు కట్టి, తెప్ప చేసి నీళ్లలోకి తోశారు. నాగధుని దాన్ని ఎగరేసి అందుకుంది. సుడులు గిరగిరా తిప్పాయి. కోరల్లాంటి రాళ్లు రెండు పక్కలా పరుగెత్తాయి. ప్రవాహం కొండమలుపు దగ్గర ఇరుకై, తెప్పను విడిచిన బాణంలా ముందుకు విసిరింది. పడవ దగ్గరైంది. కుండల మీద కప్పిన ఎర్రగుడ్డ కూడా కనిపిస్తోంది.

పడవ మీదివాళ్లు చూశారు. బాణాలు వర్షించాయి. ఒకటి తిత్తిని చీల్చింది. బుస్సుమని గాలి పోయి తెప్ప ఒక వైపుకు ఒరిగింది. అరిందముడు ఆ వైపు నీళ్లలోకి దిగి, భుజంతో గుంజను మోస్తూ ఈదసాగాడు. "ఇంకా కాస్త! ఇంకా కాస్త!" అని అరుస్తున్నాడు. రెండో తిత్తి కూడా పగిలింది. కానీ అప్పటికే పడవ చుక్కాని కొమ్మసాని చేతికి బారెడు దూరంలో ఉంది.

"ఓబయా" అన్నాడు భస్మకంఠుడు, తల కూడా తిప్పకుండా. "దాని తల పగలగొట్టు."

ఓబయ పడవ గడ అందుకుని, కాలిన చేత్తోనే ఎత్తాడు. గడ వెంట నెత్తురు కారి నీళ్లలో పడుతోంది. పళ్లులేని ఆ నోటి మీద అదే నవ్వు. కొమ్మసాని మోకాళ్ల మీద లేచి నిలబడింది.

"అలాగేనా గడ పట్టుకునేది, ముసలి పీనుగా!" అని అరిచింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం తోటలో తిట్టే గొంతే. "గట్టిగా పట్టు! వదిలావంటే చంపుతాను!"

గడ గాలిని కోస్తూ దిగింది. ఆమె తల పక్కకు తప్పించి, దెబ్బను భుజం మీద కాచుకుంది. ఎముక పటుక్కుమంది. మిగిలిన చేత్తో ఆ గడను చంకకు బిగించి పట్టి, కాలితో తెప్పను వెనక్కి తన్నేసింది. చావగొట్టమన్న మాటే తప్ప వదిలెయ్యమన్న మాట వినని ఓబయ గడను మళ్లీ పైకెత్తాడు. దాంతోపాటు కొమ్మసాని నీళ్లలోంచి లేచి వచ్చి, పడవ నడుమ, వరసగా పేర్చిన తన కుండల మీద దబ్బున పడింది. కుండలు ఫెళ్లున పగిలాయి, పడవ ఒరిగి ఎర్రటి ఆసవం అంచు దాటి ఏట్లోకి పారసాగింది.